నిమ్ము మళ్ళీ మళ్ళీ వస్తుంటే ముందు కంచం వైపు చూడండి

సూటిగానే మొదలుపెడతాను. మీ ఇంట్లో మేధో వైకల్యం ఉన్న మనిషి ఉండి, ఏడాది తిరక్కుండానే రెండోసారో మూడోసారో నిమ్ము చేసి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, డాక్టరు రాసిన యాంటీబయాటిక్ వాడుతూనే ఇంకో పని కూడా చెయ్యండి. ఆ మనిషి అన్నం తినేటప్పుడు టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, మొదటి ముద్ద నుంచి చివర మంచినీళ్ళ దాకా చూడండి. తినిపించడం వేరు, చూడటం వేరు. తినిపించేవాళ్ళ కళ్ళు కంచం మీద ఉంటాయి, ఎంత మిగిలింది, ఇంకెంత పట్టించాలి అని. చూసేవాళ్ళ కళ్ళు గొంతు మీద ఉండాలి.

మన ఆసుపత్రుల్లో, వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుల్లో, ఇళ్ళల్లో ఇలాంటి మనుషుల తెలివితేటలు కొలుస్తారు, బరువు చూస్తారు, ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు, రక్తం లాగి పది పరీక్షలు చేస్తారు, కానీ మింగడం ఎలా ఉందో మాత్రం ఎవరూ చూడరు. అదేమన్నా చూడాల్సిన విషయమా అన్నట్టు ఉంటారు. నా గొడవంతా దీని మీదే.

మాది గుంటూరు, బ్రాడీపేట. మా నాన్న ఆఖరి తమ్ముడు, మా చిన్నబాబాయి, యాభై దాటిన మనిషి. పుట్టగానే ఏడవలేదట, అందుకే ఇలా అయ్యాడని నాయనమ్మ చెప్పేది. చిన్నప్పటి నుంచీ ఫిట్స్ ఉన్నాయి. వచ్చిన మాటలు నాలుగైదే అయినా వాటితోనే వీధి మొత్తాన్నీ పలకరిస్తాడు. నాయనమ్మ పోయాక మా అమ్మే చూసుకుంటోంది, మరిది అనదు, పెద్దకొడుకు అంటుంది. బంధువులు వచ్చినప్పుడల్లా బాబాయిని మెచ్చుకుంటూ ఒక మాట అనేవాళ్ళు: "ఏం పెట్టినా వంక పెట్టడు, ఐదు నిమిషాల్లో కంచం ఖాళీ!" మెచ్చుకోవాల్సిన సంగతి కాదది. నోట్లో ముద్ద ఉండగానే ఇంకో ముద్ద, దాని మీద ఇంకోటి, చివరికి గడగడా నీళ్ళు పోసి అన్నీ కలిపి లోపలికి నెట్టడం, అదీ ఆయన భోజనం.

నలభై ఐదు దాటిన దగ్గర్నుంచి నిమ్ము మొదలైంది. ఎప్పుడూ ఒకే తంతు. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతుంది, ఆయాసం, ఆటోలో కొత్తపేట, ఎక్స్‌రే, "నిమ్ము చేసిందండీ", సెలైన్, ఇంజెక్షన్లు, నెబులైజర్, ఇంటికి. కొన్ని నెలలకు మళ్ళీ ఆటో. క్షయేమోనని కళ్ళె పరీక్ష చేయించారు, లేదన్నారు. ఇంట్లో మాత్రం నేరం ఫ్యాన్ మీద పడింది, తర్వాత తలస్నానం మీద, తర్వాత ఫ్రిజ్‌లో పెరుగు మీద. ఆ ఎక్స్‌రేలన్నీ వరుసగా పరిచి చూస్తే మచ్చ దాదాపు ప్రతిసారీ కుడివైపు కిందే ఉంది. అది ఊరికే జరిగేది కాదు. మన గాలి గొట్టం లోపల రెండుగా చీలుతుంది, అందులో కుడి కొమ్మ కాస్త వెడల్పు, కాస్త నిటారు. కూర్చున్న మనిషి గొంతులోంచి దారి తప్పినది ఏదైనా ఎక్కువగా అటే జారుతుంది. డిశ్చార్జ్ కాగితాల్లో మాత్రం ఆహారం అన్న చోట "నార్మల్ డైట్" అని ఉండేది.

ఇక్కడ మింగడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అది మన ప్రమేయం లేకుండా జరిగిపోతుంది కాబట్టి తేలికైన పని అనుకుంటాం. గాలికీ అన్నానికీ గొంతులో కొంతదూరం ఒకటే దారి. నమిలిన ముద్దను నాలుక వెనక్కి నెట్టగానే అంగిటి వెనక భాగం పైకి లేచి ముక్కు దారి మూస్తుంది, స్వరపేటిక పైకి కదులుతుంది, దాని మీద మూతలాంటి మడత వాలుతుంది, స్వరతంత్రులు దగ్గరికి వస్తాయి, ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది, ఆహారనాళం పైకొస తెరుచుకుంటుంది, ముద్ద దిగిపోతుంది. గొంతు దాటే ఈ భాగమంతా సుమారు ఒక సెకను. ముప్పైకి పైగా కండరాలు, మెదడు నుంచి నేరుగా వచ్చే నరాల్లో ఐదారు జతలు కలిసి చేసే పని. ఇందులో ఏ ఒక్కటి అరసెకను ఆలస్యమైనా, చారు చుక్కో మెతుకో నోటి సూక్ష్మజీవులతో సహా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఒకసారి పోతే దగ్గి బయటికి తెచ్చేస్తాం. రోజూ మూడు పూటలా పోతుంటే, దగ్గే బలం కూడా తక్కువైతే, అదే నిమ్ము. ఆస్పిరేషన్ న్యుమోనియా అంటారు.

మేధో వైకల్యం ఉన్నవాళ్ళలో ఇది ఎందుకు ఎక్కువంటే, బుద్ధికి దెబ్బ కొట్టిన కారణమే చాలాసార్లు నాలుకనీ గొంతునీ నడిపే నరాలకు కూడా దెబ్బ కొడుతుంది. సెరిబ్రల్ పాల్సీ, అంటే చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలు పట్టు తప్పే స్థితి, ఉన్నవాళ్ళలో కండరాలు బిగుసుకుపోతాయి, లేదా అదుపు తప్పి కదులుతాయి. ఒక క్రోమోజోము ఎక్కువై పుట్టుకతోనే వచ్చే డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకు కండరాల పట్టు తక్కువ, నోరు చిన్నది, అందులో నాలుకకు చోటు చాలదు. పైగా వాళ్ళలో అల్జైమర్స్ అనే మతిమరుపు జబ్బు మిగతావాళ్ళకంటే చాలా ముందుగా, నలభైల్లో యాభైల్లోనే మొదలవ్వొచ్చు, అది కూడా మింగడాన్ని దెబ్బతీస్తుంది. వీటికి తోడు పుచ్చిన పళ్ళు, ఊడిన పళ్ళు. వాళ్ళను పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు ఎంతమంది? నమలలేని మనిషి రెండే పనులు చెయ్యగలడు, ఉమ్మేస్తాడు లేదా గుటుక్కుమంటాడు. ఉమ్మేస్తే పొగరంటాం, గుటుక్కుమంటే ఆబ అంటాం.

ఇంకో కారణం మన మందుల డబ్బాలోనే ఉంటుంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి కొంచెం ఎక్కువే చెబుతాను. "కోపం తగ్గడానికి" అని రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ లాంటివి రాస్తారు. కొందరికి అవసరమే, కాదనను. కానీ అవి నాలుకనీ గొంతునీ మందగింపజేయగలవు, ఏళ్ళ తరబడి వాడితే నోరూ నాలుకా వాటంతటవే కదిలే జబ్బు కూడా తెప్పించగలవు, మింగడంలో ఇబ్బంది రావచ్చని ఆ మందుల కాగితాల మీదే రాసి ఉంటుంది. వాటి వల్ల వచ్చే వణుకుకి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడైల్ నోరు ఎండగొడుతుంది, ఉమ్మి లేకపోతే ముద్ద జారదు. ఫిట్స్‌కి ఇచ్చే క్లోనాజెపామ్ మత్తు తెస్తుంది, కొందరిలో చొంగ కూడా పెంచుతుంది. మా బాబాయికి రాత్రి ఎనిమిదింటికి మాత్రలు, తొమ్మిదింటికి అన్నం. అంటే సగం నిద్రలో ఉన్న మనిషి నోట్లో ముద్దలు పెడుతున్నారన్నమాట. పైగా ఆ మందుల్లో ఒకటి ఎవరు మొదలుపెట్టారో, ఎందుకు మొదలుపెట్టారో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు, ఏళ్ళ తరబడి పాత చీటీ చూసి కొత్త చీటీ రాస్తూ పోయారు. ఇది చదివి ఎవరూ సొంతంగా మందు ఆపకండి, ఫిట్స్ మందు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. "ఈ మందు మింగడం మీద పనిచేస్తుందా, టైం మార్చొచ్చా, తగ్గించొచ్చా" అని అడగడానికి మాత్రం మొహమాటపడకండి. నోట్లో వేసుకోలేకపోతున్నాడని అన్ని మాత్రలూ నూరి ఇవ్వడం కూడా వద్దు. నెమ్మదిగా కరిగేలా చేసిన వాల్‌ప్రొయేట్ మాత్ర లాంటివి నూరితే మొత్తం మందు ఒకేసారి ఒంట్లోకి పోతుంది. సిరప్ ఉందేమో అడగండి.

మరి ఇంత జరుగుతుంటే ఇంట్లోవాళ్ళకు కనబడదా అంటే, కనబడుతుంది, కాకపోతే గుంటూరులో దగ్గుని లెక్కచేసేవాళ్ళెవరు? పోపులో ఎండుమిర్చి వేగితే ఇల్లంతా దగ్గుతుంది, మిర్చి యార్డు వైపు వెళ్తే ఆటో డ్రైవరూ దగ్గుతాడు. కంచం ముందు బాబాయి దగ్గితే "కారం ఎక్కువైందే" అనేది మొదటి మాట, "ఎవరో తలుచుకుంటున్నారు" అనేది రెండోది, ఆ వెంటనే నెత్తి మీద నాలుగు తట్లు, చేతికి నీళ్ళ గ్లాసు. నెత్తి మీద తడితే నష్టం లేదు, లాభమూ లేదు. నీళ్ళతోనే వచ్చింది చిక్కు. మింగే చర్య ఆలస్యంగా మొదలయ్యే మనిషికి అన్నిటికంటే కష్టమైనవి పల్చటి నీళ్ళే. గొంతు సిద్ధమయ్యే లోపే జారిపోతాయి. దగ్గుతూ ఊపిరి లోపలికి లాగే సమయంలో నీళ్ళు పోయడమంటే ఇంకో గుక్కని అటే పంపడం.

దీనికితోడు మనకు ఎత్తి పోసుకునే అలవాటు ఒకటి. ఎంగిలి కాకూడదని సీసాయో చెంబో పైకెత్తి, తల వెనక్కి వాల్చి, ధారగా గొంతులోకి వదలడం చిన్నప్పుడే నేర్పిస్తాం, పెదాలకు తగిలితే కసురుతాం. మామూలు మనిషికి అదొక నేర్పు. బాబాయిలాంటి మనిషికి తల వెనక్కి వాలగానే గాలి గొట్టం దారి ఇంకాస్త తెరుచుకుంటుంది, దాని మీదికి ధార. అన్నం పెట్టేటప్పుడూ అంతే, తినేవాడు కింద పీట మీద, పెట్టేవాళ్ళు నిలబడి. ముద్ద అందుకోవడానికి పైకి చూడాలి. ఎవరికి వాళ్ళకు వేరే గ్లాసు పెట్టి, పెదాలకు ఆనించి, గడ్డం కిందికి ఉంచి తాగమంటే చాలు, ఎంగిలి గొడవే ఉండదు. ఒక అంచు ముక్కుకి తగలకుండా వంపుగా కత్తిరించిన ప్లాస్టిక్ గ్లాసు అయితే తల ఎత్తకుండానే చివరిదాకా తాగొచ్చు.

దగ్గు కూడా లేకపోతే? అది ఇంకా ప్రమాదం. కొన్నాళ్ళకు బాబాయి తినేటప్పుడు దగ్గడం తగ్గింది, అందరం సంతోషించాం, నిమ్ము మాత్రం వచ్చింది. గొంతులో స్పర్శ మందగిస్తే అన్నం అటు పోయినా దగ్గు రాదు, చప్పుడు లేకుండా జరిగిపోతుంది. అప్పుడు చూడాల్సిన గుర్తులు వేరు: తిన్నాక గొంతు తడితడిగా గరగరమనడం, తింటుంటే కళ్ళల్లో నీళ్ళు తిరగడం, ముక్కులోంచి మజ్జిగ రావడం, బుగ్గలో అన్నం మిగిలిపోవడం, ఒక ముద్దకు మూడు నాలుగు గుటకలు వేయడం, ఉన్నట్టుండి బరువు తగ్గడం, కంచం చూడగానే మొహం తిప్పుకోవడం. ఈ చివరిదాన్ని మొండితనం కింద జమకట్టడం మనకు బాగా అలవాటు. మాటలు రాని మనిషి "నాకు భయంగా ఉంది" అని చెప్పాలంటే మొహం తిప్పుకోవడం తప్ప ఇంకేం చెయ్యగలడు?

మా ఇంటికి దారి చూపించింది ఒక స్పీచ్ థెరపిస్టు. వార్డులో వేరే పిల్లాడి కోసం వచ్చి, పక్క మంచం మీద బాబాయి ఇడ్లీ తినే తీరు చూసి ఆగిపోయింది. మా అమ్మకు ఆశ్చర్యం. "మాటలు నేర్పే అమ్మాయికి మింగడంతో పనేంటమ్మా?" అంది. "మాటకీ ముద్దకీ నాలుక ఒకటేగా అత్తా" అందా అమ్మాయి. నాకు ఆ జవాబు భలే నచ్చింది. ఆమె చేసింది చూడటానికి ఏమంత పెద్ద పని కాదు. నాలుగు వేళ్ళు తేలిగ్గా బాబాయి గొంతు మీద ఆనించి, గుటక పడినప్పుడు కంఠమణి పైకి లేస్తోందా, ఎంతసేపటికి లేస్తోంది అని చూసింది. స్పూనుతో కాసిన్ని నీళ్ళిచ్చి, తాగాక "వదినా అను" అంది. బాబాయికి వచ్చిన నాలుగు మాటల్లో అదొకటి. ముందు అన్న "వదినా"కీ నీళ్ళు తాగాక అన్న "వదినా"కీ తేడా మాకందరికీ వినబడింది, రెండోది బుడగల్లోంచి వచ్చినట్టుంది.

తర్వాత పెద్ద పరీక్షలు ఉంటాయని చెప్పింది. ఎక్స్‌రేలో కనబడే బేరియం అనే పదార్థం కలిపిన ఆహారం మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీయడం ఒకటి, ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి గొంతుని చూడటం ఇంకోటి. రెండూ మంచివే, అవసరమైన చోట చేయించాల్సిందే. కానీ తెలియని గదిలో, తెలియని మనుషుల మధ్య, తెల్లటి బేరియం ముద్ద నోట్లో పెట్టుకుని కదలకుండా కూర్చోమంటే బాబాయి కూర్చుంటాడా? ఇంటి స్పూను తీసుకెళ్ళాలి, అమ్మ పక్కనుండాలి, ముందురోజే ఆ గది చూపించాలి. ఇలాంటి చిన్న సర్దుబాట్లు అడగడానికి మనం సిగ్గుపడతాం, చెయ్యడానికి వాళ్ళు విసుక్కుంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సర్దుబాటుని హక్కుగానే చెప్పింది, దయగా కాదు.

ఇక అసలు విషయం, తిండి. ఆ అమ్మాయి మా వంటింట్లోకి వచ్చి కూర్చుని ఒక్కొక్కటీ అడిగి చెప్పింది, నాకు కళ్ళు తెరిపించిన పూట అది. రోగికి తేలికని మనం పెట్టేవాటిలో సగం ఇలాంటివాళ్ళకు కష్టమైనవట. చారన్నం చూడండి. నోట్లో పెట్టుకోగానే చారు ముందు పరిగెడుతుంది, మెతుకులు నమలడానికి వెనకుంటాయి. నోరు రెండు పనులు ఒకేసారి చెయ్యాలి, అన్నం పట్టుకోవాలి, చారు దింపాలి. పల్చటి మజ్జిగన్నం, పాలల్లో నానేసిన బ్రెడ్డు, సేమ్యా పాయసం, సాంబారులో తేలే ఇడ్లీ ముక్క, అన్నీ ఇదే బాపతు. ఇడ్లీ విడిగా పెడితే ఇంకో ఇబ్బంది, పొడిపొడిగా విరిగి నోరంతా పరుచుకుంటుంది. పులిహోరలో మెతుకు మెతుకూ విడిపోతుంది, మధ్యలో పల్లీలు, కరివేపాకు. ఉడికించిన గుడ్డు పచ్చసొన గొంతుకి అతుక్కుంటుంది. బ్రెడ్డు నోట్లో ముద్దై బంకలా తయారవుతుంది. చలిమిడి సంగతి చెప్పక్కర్లేదు.

మరి ఏం తినాలి? ముద్దపప్పు. ఈ మాట విని అమ్మ మొహం వెలిగిపోయింది. బాగా మెత్తగా ఉడికిన అన్నంలో ముద్దపప్పు, నెయ్యి వేసి వేళ్ళతో నలిపి నలిపి కలిపితే ముద్దంతా ఒకే తీరుగా, తడిగా, విడిపోకుండా ఉంటుంది. గట్టి పెరుగుతో మెదిపిన అన్నం, సాంబారులో నానబెట్టి చిదిమిన ఇడ్లీ, చిదిపిన అరటిపండు, ఈనెలు తీసి మెత్తగా రుబ్బిన గోంగూర. మెత్తదనానికి అంతర్జాతీయంగా ఒక కొలత ఉంది, ఐడీడీఎస్ఐ అంటారు, 0 నుంచి 7 దాకా ఎనిమిది మెట్లు. 0 అంటే నీళ్ళు, 7 అంటే మామూలు తిండి. అందులో 5వ మెట్టు, అంటే తడిగా, మెత్తగా తరిగిన తిండిలో, పెద్దవాళ్ళకు పలుకు 4 మిల్లీమీటర్లు దాటకూడదు. ఫోర్కుతో నొక్కి చూడమంటారు, ఫోర్కు లేనిచోట వేళ్ళతో. చేత్తో కలిపి తినిపించే మనకు ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. పల్చటివాటికి మందుల షాపులో దొరికే 10 మిల్లీలీటర్ల సిరంజి చాలు, సూది తీసేసి నిండా పోసి, పది సెకన్లు వదిలి, ఎంత మిగిలిందో చూడటమే. మజ్జిగ ఎంత చిక్కగా ఉండాలో అమ్మ అలాగే నేర్చుకుంది. రాగి జావ వేడిగా ఉన్నప్పుడు ఒకలా, చల్లారాక ఇంకోలా ఉంటుంది, నోట్లో ఎక్కువసేపు ఉంచుకుంటే ఉమ్మికి మళ్ళీ పల్చబడుతుంది, గంజి పదార్థం గుణమే అంత. నీళ్ళు చిక్కబరిచే పొడులు కూడా ఉన్నాయి. వాటితో గొంతులోంచి దారి తప్పడం తగ్గొచ్చు, కానీ ఆ రుచి నచ్చక మనిషి తాగడమే మానేస్తే మన ఎండల్లో ఒంట్లో నీరు తగ్గి ఇంకో జబ్బు తెచ్చుకున్నట్టు. అందుకే అది థెరపిస్టు చెబితే తప్ప సొంతంగా మొదలుపెట్టే పని కాదు.

కూర్చోవడం మార్చారు: వీపు ఆనే కుర్చీ, కాళ్ళ కింద పీట, ఎదురుగా అదే ఎత్తులో అమ్మ. టీ స్పూను. నోరు ఖాళీ అయిందని చూపించాకే రెండో ముద్ద. తిన్నాక అరగంట పడుకోనివ్వకూడదు. రెండు పూటలా పళ్ళు తోమాలి, ఎందుకంటే ఉమ్మి దారి తప్పడాన్ని పూర్తిగా ఆపలేం, కనీసం దాంతోపాటు పోయే క్రిములన్నా తగ్గుతాయి. మాత్రలు అన్నం తర్వాతకు జరిగాయి, ఎవరికీ గుర్తులేని ఆ పాత మందుని డాక్టరు మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. ఆ తర్వాత నిమ్ము అసలు రాలేదని చెప్పను, వచ్చింది. కానీ ఇంజెక్షన్లు, సెలైన్ల దాకా పోలేదు, ఒంటి మీద కాస్త కండ కూడా పట్టింది.

ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. మా పెదనాన్న "ఇన్నేళ్ళు తిన్నాడు, ఇప్పుడు మింగడం నేర్పేదేంట్రా" అన్నాడు. వయసుతో కండరం తగ్గుతుందని చెబితే విన్నాడు. ఆయన రెండో మాటే తేలిగ్గా తీసెయ్యలేను. "వాడికున్న సంతోషమే తిండి. అది కూడా లాగేసుకుని ఎన్నాళ్ళు బతికిస్తారు?" ఇందులో నిజముంది. కొన్నిచోట్ల ఏం చేస్తారంటే, ముప్పు అనగానే అన్నం, కూర, పప్పు, పెరుగు అన్నీ ఒకే మిక్సీలో పడేసి తిప్పి, ఆ బూడిదరంగు ముద్దని మూడు పూటలా పెడతారు. సురక్షితమే. నేనైతే తినను, మీరూ తినరు, ఆయనెందుకు తినాలి? పప్పు పప్పులా, గోంగూర గోంగూరలా విడివిడిగా మెత్తగా చెయ్యొచ్చు, రంగులు వేరుగా, రుచులు వేరుగా. బాబాయికి పునుగులంటే ప్రాణం. ఇప్పుడు సాంబారులో బాగా నానబెట్టి చిదిమి పెడతారు, కరకరలాడవు, అది నష్టమే, కానీ ఆ వాసనా ఆ ఉప్పూకారం ఉంటాయి. ముప్పు పూర్తిగా లేని తిండి అంటూ ఉండదు. అలాంటప్పుడు కూర్చుని మాట్లాడుకుని, ఏది ఎంతవరకు, ఎవరి సమక్షంలో అని తెలిసి ఒప్పుకుని తిననివ్వడం ఒక పద్ధతి. తెలియక తిననివ్వడం దానికి సమానం కాదు. పెదనాన్నతో నా పేచీ అక్కడే.

ముక్కులో పైపు వేద్దామా, పొట్టకు గొట్టం పెడదామా అన్న ప్రశ్న కొన్ని ఇళ్ళల్లో వస్తుంది. కొందరికి తప్పదు, అది ఓటమి కాదు. గొట్టం పెట్టేస్తే ఇక నిమ్ము రాదనుకోవడం మాత్రం పొరపాటు, ఉమ్మి ఎలాగూ మింగాలి, పొట్టలోంచి పైకి తన్నుకొచ్చేదీ ఉంటుంది.

ఇంగ్లండ్‌లో దీన్ని ఎప్పుడో లెక్కలోకి తీసుకున్నారు. అక్కడి రోగుల భద్రతా సంస్థ 2004లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళకు ఎక్కువ హాని చేస్తున్న విషయాలు ఐదింటిని ఎంచితే, అందులో మింగడంలో ఇబ్బంది ఒకటి, జబ్బుని గుర్తించకపోవడమో తప్పుగా గుర్తించడమో ఇంకొకటి. తర్వాత 247 మరణాలను ఒక్కొక్కటిగా తిరగేసి 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం, వీళ్ళలో మగవాళ్ళు మిగతా జనం కంటే సగటున 13 ఏళ్ళు, ఆడవాళ్ళు 20 ఏళ్ళు ముందుగా చనిపోతున్నారు. అంత వ్యవస్థ ఉన్న దేశంలో సంగతి అది. మన దగ్గర ఇలాంటి మనిషి పోతే "గుండె, ఊపిరి ఆగిపోవడం వల్ల" అని రాసి ఇచ్చేస్తుంటారు, ఇంటికొచ్చినవాళ్ళు "పోన్లెండి, కష్టాలు తీరాయి" అంటారు. ఆ రెండో మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

సదరం సర్టిఫికెట్ కోసం తెలివితేటల పరీక్షతో పాటు వైన్‌ల్యాండ్ స్కేల్ అని ఒకటి చూస్తారు, రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకుంటాడని. అందులో గ్లాసుతో తాగగలడా, నమలగలడా, స్పూనుతో తినగలడా అనే ప్రశ్నలున్నాయి. "తన అన్నం తానే తింటాడండీ" అంటే ఒక మార్కు. తింటే లోపలికి ఎటు పోతోందన్నది ఆ కాగితంలో లేదు. ఐదు నిమిషాల్లో కంచం ఖాళీ చేసే మా బాబాయికి ఆ ప్రశ్నలన్నింటికీ నిండు మార్కులు. అక్కడే ఉన్న డాక్టరు ఒక గ్లాసు నీళ్ళిచ్చి తాగమని చూస్తే ఎంతసేపు పడుతుంది?

ప్రభుత్వ బళ్ళల్లో మధ్యాహ్న భోజనంతో ఉడికించిన గుడ్డూ పల్లీ చిక్కీ ఇస్తారు. పిల్లల బలానికి మంచిదే. కానీ ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాలకు వచ్చేవాళ్ళలో ఎవరు చిక్కీ కొరకగలరు, ఎవరికి గుడ్డు నలిపి పెరుగుతో కలపాలి అని అక్కడ పెట్టే ఆయాకి ఎవరన్నా నేర్పారా? ఆమెకు ఒక పూట శిక్షణ ఇవ్వడానికి బడ్జెట్ అడ్డమా? శ్రీరామనవమికి పందిట్లో దోసిట్లో పోసే వడపప్పు కూడా ఇదే సంగతి, విడివిడి గింజలు, పైన పల్చటి పానకం. ప్రసాదం కాదనకూడదని నోట్లో వేసేస్తారు. కళ్ళకద్దుకుని ఇంటికి తెచ్చి మెత్తగా రుబ్బి పెడితే దేవుడేం అనుకోడు.

ఇదంతా చెయ్యడానికి మనిషి కావాలి, అది ఎవరూ లెక్కెయ్యరు. ఐదు నిమిషాల భోజనం అరగంట దాటింది, మూడు పూటలా. అమ్మకు డెబ్భై దగ్గరపడుతున్నాయి, బాబాయి తిన్నాకే తన కంచం ముందు కూర్చుంటుంది, అప్పటికి అన్నం చల్లారిపోతుంది. పింఛను 6,000 రూపాయలు ఒకటో తారీఖున ఇంటికే వచ్చి ఇస్తున్నారు, సంతోషం. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంది, తెలియనివాళ్ళు కనుక్కోండి. కానీ అమ్మ మంచాన పడిన రోజున ఆ స్పూను పట్టుకునేదెవరు? వదినలూ అక్కలూ తల్లులూ ఉన్నంతకాలం నడిచిపోయే ఏర్పాటు ఇది. అందుకే ఇంట్లో మగవాళ్ళతో సహా ఇద్దరికన్నా ఈ పని చేతికి రావాలని మా ఇంట్లో పట్టుబట్టాను. ఆదివారాలు నాన్న తినిపిస్తున్నాడు, ఇంకా తొందరపడుతూనే ఉంటాడు, బాబాయే "ఆగు" అంటాడు.

గొంతుకు అడ్డంపడితే ఏం చెయ్యాలో కూడా ఆ ఇద్దరికీ తెలియాలి. దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి, నోట్లో వేళ్ళు పెట్టి వెతకొద్దు, నీళ్ళు పొయ్యొద్దు. దగ్గలేక, గొంతు పెగలక, మొహం నల్లబడుతుంటే ముందుకు వంచి రెండు రెక్కల మధ్య వీపు మీద అరచేతి మడమతో గట్టిగా 5 దెబ్బలు. బయటికి రాకపోతే వెనక నుంచి పట్టుకుని, పిడికిలి బొడ్డుకి కాస్త పైన పెట్టి, లోపలికీ పైకీ 5 సార్లు నొక్కాలి. వచ్చేదాకా ఇవి రెండూ మార్చి మార్చి చేస్తూ, ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. ఏడాది లోపు పిల్లలకు మాత్రం పొట్ట నొక్కకూడదు.

చివరగా, నిమ్ముతో ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలతో పాటు ఫోనులో ఒక వీడియో తీసుకెళ్ళండి, భోజనం మొత్తం, పక్క నుంచి, గడ్డమూ గొంతూ కనబడేలా, చివర నీళ్ళు తాగాక ఒక మాట అనిపించి. ఓపీలో రెండు నిమిషాలే దొరుకుతాయి, నోటితో చెప్పేదానికంటే అది ఎక్కువ చెబుతుంది. "స్పీచ్ థెరపిస్టుకి రాయండి, మింగడం చూడటానికి" అని మీరే అడగండి, మాటలు రావని వాళ్ళు కొట్టిపారేస్తే మాటల కోసం కాదని మళ్ళీ చెప్పండి. ఇంటికి వచ్చేటప్పుడు డిశ్చార్జ్ కాగితం మీద "నార్మల్ డైట్" అనో "సాఫ్ట్ డైట్" అనో ఉంటే అక్కడే నిలబడి అడగండి: ఎంత మెత్తగా, ఎంత చిక్కగా, ఏ భంగిమలో, ఎంతెంత ముద్ద. వాళ్ళు చెప్పింది ఆ కాగితం మీదే రాయించుకోండి. ఎందుకంటే మళ్ళీ ఇంకో ఆసుపత్రికి వెళ్తే, సాఫ్ట్ డైట్ అని చదివి వాళ్ళు ముందు పెట్టేది పాలూ బ్రెడ్డే.